విచారణకి కట్టిన కంకణం

మా దళం మొత్తంలో గంజి చేతిలో ఓడిపోయిన సైనికుణ్ణి నేనొక్కణ్ణే. తుపాకీ గుండు తగల్లేదు, మందుపాతర పేలలేదు. నౌకాదళంలో వంటవాణ్ణి. ఆ పొద్దున మొక్కజొన్న గంజి గుండిగ రెండు చేతులా పట్టుకుని నిటారుగా ఉండే ఇనప మెట్లు దిగుతున్నాను. ఓడ ఒక పక్కకి ఒరిగింది. గుండిగ వదిలేస్తే కాలు దక్కేది. కింద బల్లల ముందు పళ్ళేలు పట్టుకుని కూర్చున్న కుర్రాళ్ళ నెత్తిన మరుగుతున్న గంజి పడేది. వదల్లేదు. గుండిగా నేనూ కలిసే కిందికొచ్చాం. ముందు నా కుడి మోకాలు, దాని మీద గుండిగ. గరిటెడు కూడా ఒలకలేదు. తిన్నవాళ్ళు ఉప్పు తక్కువైందన్నారు.

ఈ కథ డర్బన్ పక్కనున్న మా చెరకు తోటల ఊరు టోంగాట్‌లో నేను చెప్పని ఇల్లు లేదు. పెళ్ళిళ్ళలో చెప్పాను, చావులకి వెళ్ళినప్పుడు కూడా చెప్పాను, అక్కడ ఇంకా ఎక్కువ నవ్వారు. అందరూ నవ్వారు గానీ మోకాలు మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. దళం నుంచి బయటికొచ్చాక చక్కెర మిల్లులో చెరకు లారీలు తూచే కాటా దగ్గర పని దొరికింది. నిలబడి చేసే పని. కొన్నేళ్ళు కాటాకి ఆనుకుని నెట్టుకొచ్చాను. ఆఖరికి లారీల కంటే నేనే ఎక్కువగా కాటా మీద వాలుతున్నానని మిల్లువాళ్ళు ఇంటికి పంపేశారు.

అప్పటినుంచి ఇల్లు నడిచింది మా ఆవిడ కుట్టుమిషను మీద. దుస్తుల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టేది. కళ్ళలో నీళ్ళు కారేవి, సూదిలోకి దారం ఎక్కించడానికి పక్క మిషను అమ్మాయిని బతిమాలుకునేది. మాజీ సైనికుడికిచ్చే వికలాంగ పింఛను నాకు వస్తే ఆమె ఆ మిషను మీదనుంచి లేవొచ్చు. మా ఇద్దరికీ అప్పుడున్న కోరిక అదొక్కటే.

పింఛను అడిగితే మొదటిసారి రాలేదు. ఎందుకు రాలేదో చెబితే మీరే నన్ను కొడతారు. డర్బన్‌లో డాక్టరు ముందు కూర్చోబెట్టారు. ఎంత దూరం నడవగలవు అని ఆయన అడిగాడు. "వెనకాల ఎవరొస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుందండి. మా ఆవిడైతే మూడు ఊళ్ళు దాటి డార్నల్ దాకా ఆగకుండా పోతాను" అన్నాను. ఆయన నవ్వలేదు, రాసుకున్నాడు. నొప్పి ఎప్పుడొస్తుందంటే, మా బావమరిది వచ్చినప్పుడన్నాను. అదీ రాసుకున్నాడు. కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది. అర్జీదారు ఉల్లాసంగా ఉన్నాడు, చాలా దూరం నడవగలనని స్వయంగా చెప్పాడు, పింఛను ఇవ్వడానికి వీల్లేదు.

మా ఆవిడ ఆ ఉత్తరం చదివించుకుని, మడిచి, దీపం దగ్గర పెట్టి, మళ్ళీ పనికెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అప్పీలు పెట్టాం. విచారణకి రమ్మని పిలుపు వచ్చేసరికి దేశం మారిపోయి ఉంది. మేమంతా మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడాది అది. ఓటు వరసలో నిలబడలేక పాల సీసాల పెట్టె ఒకటి బోర్లించి, వరస కదిలినప్పుడల్లా దాన్ని ముందుకి తోసుకుంటూ వెళ్ళి ఓటేశాను. ఇప్పుడు ఆ కొత్త ప్రభుత్వం దగ్గరికే పాత ప్రభుత్వం విరిచిన కాలు పట్టుకుని వెళ్ళాలి.

మా బావమరిదికి ఇదే సందు. మా ఆవిడ తమ్ముడు, బక్కీలో కూరగాయలు వేసుకుని ఊరూరా అమ్ముతాడు. బక్కీ అంటే వెనకాల తొట్టి ఉన్న బండి. మా చిన్న ట్రక్కులకి ఇక్కడ అదే పేరు.

"బావా, నాకు తెలీక అడుగుతాను. నీకు ఓటే లేని దేశానికి నువ్వెల్లి గంజి కాసేవు. ఏటి నీ ధైర్యం" అనేవాడు.

"గంజి తాగినోళ్ళకీ ఓటు లేదురా. మన కుర్రాళ్ళే" అనేవాణ్ణి.

"మరి ఇప్పుడు ఆ బోర్డులో ఎవరుంటారో. పాతోళ్ళుంటే నువ్వు మనోడివి కాదంటారు. కొత్తోళ్ళుంటే నువ్వు ఆళ్ళోడివంటారు."

నవ్వేశాను గానీ ఆ మాట లోపల పడి కదులుతూనే ఉంది. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. చేతికర్ర పట్టుకుని వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేవాణ్ణి. మందారం మొక్కలకి పోసిన నీళ్ళే మళ్ళీ పోసేవాణ్ణి. నీళ్ళెక్కువై ఒకటి చచ్చింది కూడా.

ఆ రోజుల్లోనే ప్రభుత్వాసుపత్రికి గుంటూరు వైపు నుంచి ఒక తెలుగు డాక్టరు వచ్చాడు. మా ముత్తాతలు చెరకు కొట్టడానికి ఓడెక్కి వదిలొచ్చిన ఆ దేశం నుంచి వచ్చిన మనిషితో తెలుగులో మాట్లాడటం నాకు అదే మొదలు. నేను నోరు విప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "మా నాయనమ్మ మాట్లాడినట్టుందండీ, పెద్దాయనా" అన్నాడు. ఇంకేం, గంజి కథ మొదలుపెట్టాను. మిల్లు కథ, కాటా కథ. ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నేను బయటికొచ్చి ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాక నర్సు పరిగెత్తుకొచ్చి వెనక్కి పిలిచింది. డాక్టరు తల పట్టుకుని కూర్చున్నాడు.

"మీ మాటల్లో పడి నేను మీ మోకాలు చూడనే లేదు" అన్నాడు.

అప్పుడు చూశాడు. వేళ్ళతో నొక్కాడు. నవ్వు ఆగిపోయింది. కాగితం రాసి, సంతకం పెట్టి, నాతో ఒక మాట చెప్పాడు. "బోర్డు ముందు మీరు బాగున్న రోజు గురించి చెప్పకండి. బాగాలేని రోజు ఎలా ఉంటుందో చెప్పండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి. నన్ను నవ్వించినట్టు వాళ్ళని నవ్వించారంటే ఈ కాగితం ఎందుకూ పనికిరాదు."

ఆ మాట నేను ఇంటికొచ్చి చెప్పడం తప్పైపోయింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ నా మీద పడ్డారు. ప్రతి ఆదివారం బావమరిది గరాజీలో విచారణ. ఉల్లిపాయల బస్తాల మీద చెక్క పలక వేసి, దాని వెనక వాడు అధ్యక్షుడు. ముక్కు చివర కళ్ళజోడు. పక్కన మా ఆవిడ.

"నడవగలవా?" అని అడిగాడు అధ్యక్షుడు.

"నీ బక్కీ కంటే వేగంగానే."

"అక్కా, సూశావా."

"మళ్ళీ అడగరా" అంది మా ఆవిడ.

"మెట్లు ఎక్కగలవా?"

"ఎక్కటానికి మెట్లకేమీ అభ్యంతరం లేదు."

వాడు కళ్ళజోడు తీసేసి పలక మీద పెట్టాడు. "అక్కా, నా వల్ల కాదు. ఈయన నోటికి ఏదైనా కట్టాలి."

కట్టాలి అన్న మాట మా ఆవిడ పట్టుకుంది.

మరుసటి శుక్రవారం నన్ను గుడికి తీసుకెళ్ళింది. రేకుల కప్పుతో, చెరకు తోట అంచున, మా పెద్దలు కట్టుకున్న అమ్మవారి గుడి. పూజారితో ముందే మాట్లాడి పెట్టుకుంది. పసుపు కొమ్ము ముక్క కట్టిన పసుపు దారం నా కుడి మణికట్టుకి కట్టించింది.

"నిప్పుల మీద నడవమంటావా ఈ కాలుతో?" అన్నాను.

"నడవొద్దు. నువ్వేటీ చెయ్యొద్దు. ఇచారణ అయ్యేదాకా నీ నోట ఒక్క ఎకసెక్కం రాకూడదు. వస్తే ఆ తల్లి సూసుకుంటాది, నాను కాదు. అయ్యాక ఇక్కడికే వచ్చి కంకణం ఇప్పించుకుని పొంగలి పెడదాం."

మాంసం ఉండదు, మందు ఉండదు, మంచం మీద పడక ఉండదు. కంకణం ఉన్నన్నాళ్ళూ ఇవన్నీ అందరికీ ఉన్న నియమాలే. నవ్వులాట మీద కంకణం కట్టించింది మాత్రం మా గుడి చరిత్రలో మా ఆవిడొక్కతే అనుకుంటాను.

నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. నేను ఇస్కూలు ఆరో తరగతిలో మానేసినవాణ్ణి, దేవుడి గురించి పెద్దగా చదువుకోలేదు. కానీ కంకణం అంటే ఏమిటో మా నాన్నని చూసి తెలుసుకున్నాను. ఒక ఏడు ఆయన కంకణం కట్టుకుని ఉండగా చెరకు కొట్టే కత్తి పాదంలో దిగింది. గుడ్డ చుట్టుకుని పనికెళ్ళాడు. ఎవరు ఎలా ఉందని అడిగినా ఒకటే జవాబు: "అమ్మ దయ, బాగున్నాను." కంకణం చేతికున్నన్నాళ్ళూ ఈ ఒళ్ళు అమ్మది. దానికి నొప్పి అనడం అంటే ఆమె మీద ఫిర్యాదు చెయ్యడమే. గుడిలో కంకణం విప్పిన తర్వాత అదే మనిషి గుమ్మం మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా ఇళ్ళలో అది ఎవరూ ఎవరికీ నేర్పరు. అందరికీ తెలిసి ఉంటుంది.

ఆ రోజుల్లో నా బాధ ఎవరికీ చెప్పుకోలేనిది. బస్సులో పక్కవాడు నేను అడక్కుండానే ఎకసెక్కానికి మంచి అవకాశాలు ఇచ్చేవాడు. బావమరిది కావాలని నా ముందు కూర్చుని తన పొట్ట గురించి మాట్లాడేవాడు. నాలుక చివర దాకా వచ్చిన మాటని మింగి మింగి నాకు ఛాతీలో మంట పట్టుకుంది. కింద చాప మీద పడక వల్ల పొద్దున్నే లేవడం ఒక పెద్ద పని అయిపోయింది. అదే వేళకి వంటింట్లో మా ఆవిడ గిన్నెల గోల మొదలయ్యేది. ఇత్తడి చెంబు, మూకుడు, గరిటెలు, అన్నీ ఒకదానికొకటి కొట్టుకునేవి. ఇదివరకైతే మన వీధికి పొద్దుటి బ్యాండు మేళం అనేవాణ్ణి. ఇప్పుడు అదీ అనకూడదు.

విచారణ రోజు రానే వచ్చింది. బావమరిది బక్కీలో ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని డర్బన్ వెళ్ళాం. దారి పొడుగునా చెరకు తోటలు తగలబెట్టిన మసి అద్దం మీద పడుతోంది. నేను మోకాలు మీద చెయ్యి వేసుకుని వేళ్ళతో దరువు వేస్తూ ఉంటే మా ఆవిడ తన చెయ్యి తెచ్చి నా చెయ్యి మీద పెట్టి నొక్కేసింది.

పాత ప్రభుత్వపు భవనమే. గోడ మీద ఇదివరకటి పెద్దమనుషుల పటాలు తీసేసిన చోట తెల్లటి చదరాలు మిగిలాయి. బావమరిదిని బయట కూర్చోబెట్టారు. మా ఆవిడని తోడుగా లోపలికి రానిచ్చారు. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, మాజీ అధికారి, తెల్లాయన. ఒక పక్క ముసలి డాక్టరు. ఇంకో పక్క కొత్తగా వేసిన జూలూ ఆవిడ, మా ఆవిడ వయసుదే, ముందు దళసరి ఫైలు. మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"ఎలా ఉన్నారు?" అన్నాడు అధ్యక్షుడు.

నా నోరు నాకంటే ముందు జవాబిచ్చింది. "అమ్మ దయ, బాగున్నానండి."

"మంచిది. మీ అమ్మగారు మీతోనే ఉంటారా?"

నా జన్మలో అంత మంచి బంతి ఎవరూ వెయ్యలేదు. బ్యాటు ఎత్తలేను. చేతికి కంకణం. "లేరండి" అన్నాను.

ముసలి డాక్టరు కాగితాలు తిరగేశాడు. "మోకాలు ఎలా ఉంది? నొప్పి ఉంటుందా?"

చెప్పాలని నోరు తెరిచాను. గుంటూరు డాక్టరు చెప్పిన మాటలన్నీ వరసగా నాలుక మీదే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. ఎకసెక్కం ఆడకూడదని కట్టిన కంకణమే ఇది. నొప్పి అనకూడదన్నదీ ఈ కంకణమే. మా ఆవిడ ఒక తలుపు మూయబోయి రెండు తలుపులూ మూసేసింది. గుడ్డ చుట్టిన మా నాన్న పాదం కనపడింది.

"బాగుందండి" అన్నాను.

పక్కన గాజులు కదిలాయి. ఆమెకీ అప్పుడే తట్టింది.

"చాలా దూరం నడవగలనని మీరు ఇదివరకు చెప్పినట్టు ఉంది ఇక్కడ. అది నిజమేనా?" అన్నాడు అధ్యక్షుడు.

అవునంటే అబద్ధం. కాదంటే ఎందుకని అడుగుతారు. ఊరుకున్నాను. అధ్యక్షుడు కలం మూత పెట్టేశాడు. ఆ చిన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

అప్పుడు జూలూ ఆవిడ ముందుకి వంగింది. ఆమె చూస్తున్నది నా మోకాలి కేసి కాదు, మణికట్టు కేసి. ఆమె చేతికి గడియారం పక్కన, వెంట్రుకలతో సహా ఎండిన మేక తోలు పట్టీ ఒకటి ఉంది.

"అది ఎందుకు కట్టుకున్నారు?"

"గుడిలో కట్టారండి. మొక్కు."

"ఎవరు విప్పాలి?"

"పూజారి. గుడిలోనే."

"అది ఉండగా మీరు అనకూడనివి ఏమైనా ఉన్నాయా?"

నేను తల ఊపాను. ఆమె అధ్యక్షుడి వైపు తిరిగింది. "ఈయన జవాబు చెప్పనంటం లేదు. ఇది ఉండగా చెప్పకూడదు, అంతే. నా చేతికున్నది మా ఇంట్లో పెద్దల కోసం మేకని కోసినప్పుడు కట్టింది. అది దానంతటది రాలిపోయేదాకా నేనూ కత్తి పెట్టను."

అధ్యక్షుడు ఆలోచించి, మర్యాదగానే అన్నాడు. "అయితే వాయిదా వేద్దాం. అది విప్పాక మళ్ళీ అర్జీ పెట్టుకోండి. మళ్ళీ వంతు రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు."

నెలలు అన్న మాటకి మా ఆవిడ లేచింది. కుర్చీ వెనక్కి పోయి గోడకి కొట్టుకుంది. నా చెయ్యి పట్టి పైకి లాగింది, మణికట్టు దగ్గరికి మొహం వంచింది, మిషను మీద కాలరు అయ్యాక దారం తెంపినట్టు పళ్ళతో పుటుక్కున తెంపేసింది. పసుపు కొమ్ము బల్ల మీద పడి దొర్లింది. జూలూ ఆవిడ తన మణికట్టు మీద రెండో చెయ్యి వేసుకుంది.

మా ఆవిడ పెదవికి పసుపు అంటుకుని ఉంది. "ఇప్పుడు సెప్పు" అంది తెలుగులో. "ఎకసెక్కాలొద్దు. దాచొద్దు. పొద్దున్న లేచిన కాడి నుంచి సెప్పు."

చెప్పాను. చాప మీద బోర్లా తిరుగుతానని, పసిపిల్లాడిలా మోచేతుల మీద లేస్తానని, మంచం కోడు పట్టుకుని ఎడమ కాలు మీద బరువు వేసి కుడికాలిని ఈడ్చుకుంటానని. మరుగుదొడ్డిలో గోడకి మేకు కొట్టి తాడు కట్టుకున్నానని. ఓటు వరసలో బోర్లించిన పెట్టె సంగతి. ఎవరూ నవ్వలేదు, నేను నవ్వించలేదు.

"లేచేటప్పుడు నోట్లోంచి ఒక చప్పుడు వస్తుందండి" అన్నాను. "మనిషి చప్పుడులా ఉండదు. అది నేను ఎవరికీ వినపడకూడదనుకుంటాను. మా ఆవిడకి అది తెలుసు. అందుకే సరిగ్గా ఆ వేళకి వంటింట్లో గిన్నెలు గోల చేస్తుంది. నేను మూలగొచ్చని."

మా ఆవిడ నా వైపు తిరిగింది. నాకు తెలుసని ఆమెకి తెలీదు.

ముసలి డాక్టరు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి మోకాలు వంచి చూశాడు. గుంటూరు డాక్టరు కాగితం మళ్ళీ చదివాడు. మమ్మల్ని కాసేపు బయట ఉండమన్నారు. లోపలికి పిలిచాక అధ్యక్షుడు నిలబడి చెప్పాడు. ఉత్తరం తర్వాత వస్తుంది గానీ అప్పీలు ఒప్పుకున్నాం, కాలు పోయింది కొలువులోనే అని. తర్వాత ఫైల్లో నా పాత వాంగ్మూలం మీద వేలు పెట్టి, "ఆ గంజి నిజంగా ఒలకలేదా?" అన్నాడు.

"ఉప్పు తక్కువైందన్నారండి" అన్నాను. అప్పుడు నవ్వారు.

జూలూ ఆవిడ పసుపు కొమ్ముని వేలితో ముట్టుకోకుండా, ఒక కాగితం మీదకి తోసి, ఆ కాగితం మడిచి మా ఆవిడ చేతికిచ్చింది. మా ఆవిడ దాన్ని చేతిరుమాలు చివర ముడేసుకుంది.

బక్కీ బయల్దేరింది. ఊరు దాటి చెరకు తోటల్లో పడేదాకా మా ఆవిడ కిటికీలోంచే చూస్తూ ఉంది. ఫ్యాక్టరీకి రేపు ఏమని చెప్పాలో ఆలోచిస్తోందనుకున్నాను. ఛాతీలో మంట అలాగే ఉంది. ఎన్నాళ్ళ నుంచో మింగిన మాటలన్నీ ఒకేసారి పైకొస్తున్నాయి. ఇక ఆపుకోలేకపోయాను.

"అమ్మోరి కంకణం. గుడి బయట. అదీ పళ్ళతో. నాను కాదు కట్టించింది, నాను కాదు తెంపింది. రేపు పొంగలి పట్టుకుని ఆ తల్లి ముందుకెల్లి ఏటని సెప్తావు?"

ఆమె చేతిరుమాలు ముడి ఒకసారి నొక్కి చూసుకుంది.

"సెప్పాల్సిన పని లేదు" అంది. "ఆమెకీ మొగుడున్నాడు."